గుంటూరు, బెజవాడ పాస్టర్లకీ సంఘ పెద్దలకీ ఒక కూతురి బహిరంగ లేఖ

గుంటూరు, విజయవాడ సంఘాల పాస్టర్లకి, పాస్టరమ్మ గార్లకి, సంఘ పెద్దలకి, కమిటీ మెంబర్లకి,

ప్రభువు నామంలో వందనాలు. పెళ్లికైనా చావుకైనా పిలవగానే వస్తారు మీరు, ఆ మేలు మర్చిపోయి రాయట్లేదు. ఇంక విషయానికొస్తా. అమ్మానాన్నల్ని సన్మానించమనే ఆజ్ఞని మన సంఘాల్లో సగమే బోధిస్తన్నారు, ఆ పేరుతో ఇంట్లో తిన్న దెబ్బల్ని కప్పెట్టమంటన్నారు, నా బాధ అదీ.

ఇదే సంగతి మా సంఘ కమిటీకి ఇంతకుముందు రెండుసార్లు చేత్తో రాసి కవర్లో పెట్టి ఇచ్చా. మొదటిది ఇచ్చి ఏడు నెలలు, రెండోది ఇచ్చి నాలుగు నెలలు. మొదటి దానికి "చూద్దాంలే అమ్మా" అన్నారు, రెండో దానికి అది కూడా లేదు. మా సంఘం పేరు గానీ అయ్యగారి పేరు గానీ ఇక్కడ రాయట్లేదు, ఎవర్నో బజారుకి లాగాలని నాకు లేదు. పైగా బెజవాడలో మా పిన్ని వాళ్ల సంఘంలో, తెనాలిలో మా ఆడపడుచు వాళ్ల సంఘంలో కూడా కథ ఇట్లాగే ఉందని విన్నాక ఇది ఒక్క చర్చి గొడవ కాదని అర్థమై అందరికీ కలిపి రాస్తన్నా.

జరిగింది ఇది.

మా నాన్న మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో కాటా గుమస్తా. ముప్పై ఏళ్లు చేశాడు. సీజన్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) కొండల్లాగా పడుంటే తెల్లారకముందే పోయి ఏ రాత్రికో వచ్చేవాడు, చొక్కా విప్పితే ఇల్లంతా ఘాటు, నేనూ తమ్ముడూ తుమ్ములే తుమ్ములు. రైతు సరుకు ఒక్క కేజీ కూడా తగ్గించి రాయలేదని యార్డులో ఇప్పటికీ చెప్తారు, అది నిజం. మా స్కూల్ ఫీజు ఒక్క నెల లేట్ అవలేదు, అదీ నిజం. పద్దెనిమిదేళ్లు సంఘ పెద్దగా చేశాడు, సంఘం డబ్బుల్లో రూపాయి అటూ ఇటూ అవలేదు.

ఇంట్లో మా అమ్మని కొట్టేవాడు. తాగి కాదు. అందరూ తాగుడు మీదకి నెట్టేసి ఊరుకుంటారు గానీ మా నాన్న చుక్క ముట్టని మనిషి. అన్నం చల్లారిందని, ఎదురు మాట్లాడిందని, ఒక్కోసారి ఎందుకో కూడా తెలీదు. నాకు పదకొండేళ్లప్పుడు చెంప మీద కొట్టిన దెబ్బకి అమ్మ ఎడమ చెవిలో కర్ణభేరి పగిలింది, ఆ చెవి మళ్లీ పనిచెయ్యలేదు. అప్పటి నుంచి అమ్మ చర్చిలో ఆడవాళ్ల వైపు ఎడం చివర గోడ పక్కనే కూర్చునేది, కుడి చెవి ప్రసంగం వైపు ఉండేట్టు. "నీకు గోడ ఆనుకుంటేగానీ వాక్యం ఎక్కదా" అని పక్కనోళ్లు నవ్వేవాళ్లు, అమ్మా నవ్వేది. ఒకే ఒక్కసారి అప్పటి పాస్టరమ్మ గారితో చెప్పుకుంది. "ప్రార్థన చెయ్యి, లోబడి ఉండు, మారతారు" అన్నారు. మళ్లీ ఎవరికీ చెప్పలేదు, అట్లాగే పోయింది.

అమ్మ పోయిన రెండేళ్లకి నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది. కొట్టిన చెయ్యి ఏదో నేను చెప్పక్కర్లా. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, డబ్బులు పంపుతా గానీ నేను చూడలేను అక్కా అన్నాడు, వాణ్ణి నేనేమీ అనలేదు, వాడు తిన్న దెబ్బలు వాడివి. నేను మా ఇంటికి తెచ్చుకున్నా. నాలుగేళ్లు అన్నం కలిపి పెట్టా, ఒళ్లు తుడిచా, గంటగంటకీ పక్కకి తిప్పా, పుండు పడకుండా చూసుకున్నా. నాన్న సారీ చెప్పలేదు. చెప్తాడేమో అని మాత్రం నాలుగేళ్లూ చూశా. నోరు తిరగదు కాబట్టి చెప్పబోయాడేమో, నాకే అర్థం కాలేదేమో అని కూడా అనుకున్నా. ఏమో.

పోయినేడు నాన్న పోయాడు. భూస్థాపన బాగా జరిపించారు, థ్యాంక్స్. తర్వాత ఇంటివాళ్లని ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికకి సంఘం వాళ్లే పెద్ద ఫ్లెక్సీ వేయించారు, దాని మీద "ఆదర్శ కుటుంబ యజమాని" అని రాసుంది. ఒకరి తర్వాత ఒకరు లేచి సాక్ష్యాలు చెప్పారు, ఆఖర్న మైకు నాకిచ్చి "నాన్నగారు ఇంట్లో ఎంత భక్తిగా ఉండేవారో చెప్పమ్మా" అన్నారు. నేను వద్దన్నా. చెప్పు చెప్పు అన్నారు. చెప్పా, మూడే మాటలు. "మా నాన్న కాటా దగ్గర ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఇంట్లో మా అమ్మని కొట్టేవాడు. ఆఖరి నాలుగేళ్లు నా చేత్తో అన్నం తిన్నాడు, నేను విసుక్కోకుండానే పెట్టా." మైకు నా చేతిలో నుంచి తీసుకుని పాట ఎత్తుకున్నారు. (కొట్టేవాడు అన్నందుకు ఒకాయనకి వేరే కోపం, కొట్టేవారు అనాలంట.)

పై ఆదివారం సండే స్కూల్‌కి పోతే నా క్లాసు వేరేవాళ్లకి ఇచ్చేశారు. పదకొండేళ్లు చెప్పిన క్లాసు. తల్లిదండ్రుల్ని సన్మానించమనే అయిదో ఆజ్ఞ మీరినామె పిల్లలకేం చెప్తుంది అన్నారంట, నా మొహం మీద ఎవరూ అనలేదు.

ఒక పెద్దాయన మాత్రం నోవహు సంగతి తెచ్చారు. ద్రాక్షారసం తాగి బట్టల్లేకుండా పడున్న తండ్రిని చూసి కొడుకు హాము బయటికొచ్చి చెప్పాడు, మిగతా కొడుకులు షేము యాపెతు వెనక్కి నడిచి బట్ట కప్పారు, నువ్వు హాము పని చేశావమ్మా అన్నారు. ఆ మాట రాత్రుళ్లు నిద్రపోనివ్వలేదు, ఎందుకంటే అది బైబిల్లో ఉంది గదా. ఆలోచించీ ఆలోచించీ నాకు తట్టింది ఇది. బట్ట కప్పడం అంటే, అయ్యా, నాలుగేళ్లు రోజుకి రెండుసార్లు మూడుసార్లు తడిసిన బట్ట మార్చి పొడిబట్ట కప్పింది నేనే. బతికున్నన్నాళ్లూ వీధిలో ఒక్కరి దగ్గర ఆయన్ని పలచన చెయ్యలేదు. అడగని వాళ్లకి నేను చెప్పలేదు, మీరు దేవుని మందిరంలో మైకు ఇచ్చి నిజం కానిది చెప్పమన్నారు, అది నా వల్ల కాలేదు. ఇంకోటి, నోవహు తాగి పడిపోయిన సంగతి మనకెట్లా తెలుసు? మోషే రాశాడు కాబట్టి. నీతిమంతుడని చెప్పిన పుస్తకమే అదీ చెప్పింది. అంతెందుకు, మత్తయి సువార్త మొదటి అధ్యాయం తీయండి, యేసయ్య వంశావళి. దావీదు సొలొమోనుని కన్నాడని రాసి ఊరుకోవచ్చు గదా, ఊరియా భార్యగా ఉన్నామె వల్ల, అంటే దావీదు ఇంకొకడి దగ్గర్నుంచి లాక్కున్న భార్య వల్ల కన్నాడని రాసి పెట్టారు. ఏ ఇంట్లోనైనా వంశం పేర్లు చదివేటప్పుడు అట్లాంటిది మింగేస్తారు. అక్కడ మింగలేదు. ఎన్నో వందల ఏళ్ల నుంచి క్రిస్మస్‌కి క్రిస్మస్‌కి చదువుతానే ఉన్నాం, దావీదుకి అవమానం అయిందని ఎవరూ అనలేదు.

సన్మానించడం అనే మాటకి హెబ్రీలో మూలం బరువు అని అర్థం అంట, మా సండే స్కూల్ ట్రైనింగ్‌లోనే చెప్పారు. మా నాన్న పనంతా బరువుతోనే కాబట్టి నాకా మాట బాగా ఎక్కింది. కాటా మీద పెట్టినప్పుడు ఉన్నది ఉన్నంత చూపించాలి, ఎక్కువ చూపించినా మోసమే తక్కువ చూపించినా మోసమే, ఇది నాకు నేర్పింది మా నాన్నే. తల్లిదండ్రుల్ని తేలిగ్గా తీసెయ్యొద్దు, పనికిరాని సరుకులాగా పక్కన పడెయ్యొద్దు అని దేవుడన్నాడు, నేను ఒప్పుకుంటా, అందుకే తెచ్చుకున్నా. కానీ లేని బరువు కలిపి చెప్పమని ఆజ్ఞలో ఎక్కడుంది?

యోనాతానుని చూడండి. సౌలు దావీదుని చంపాలని తిరిగితే కొడుకు సాయం చెయ్యలేదు, తండ్రి మొహం మీదే ఎందుకు చంపాలి ఏం చేశాడు అని అడిగాడు, ఈటె విసిరితే బల్ల దగ్గర్నుంచి కోపంగా లేచిపోయాడు, అన్నం కూడా తినలేదు. అదే యోనాతాను గిల్బోవ కొండ మీద ఆ తండ్రి చేసిన యుద్ధంలోనే చచ్చిపోయాడు. వదిలెయ్యలేదు, వత్తాసూ పలకలేదు. ఇది మీరు ప్రసంగంలో చెప్పగా నేనెప్పుడూ వినలేదు, స్నేహం గురించి చెప్పేటప్పుడు మాత్రం దావీదు యోనాతాను వస్తారు.

ఇప్పుడు మీరు ఇట్లా సగం బోధ చెయ్యడం వల్ల మామూలు మనుషులకి ఏమవుతుందో చెప్తా.

1. పిల్లలు. నా క్లాసులో తొమ్మిదేళ్ల పాప ఒకసారి అడిగింది, "టీచర్, నాన్న బెల్టుతో కొడతాడు, అప్పుడు కూడా సన్మానించాలా, ఎట్లా సన్మానించాలి?" అని. నేనేం చెప్పానో తెలుసా, ప్రార్థన చేద్దాం రా అన్నా. మా అమ్మకి ఏం చెప్పి పంపారో అదే నేను ఆ పాపకి చెప్పి పంపా. నా దగ్గర ఇంకో మాట లేదు, మీరు నాకు ఇంకోటి నేర్పలేదు, అట్లాగని తప్పు మీ మీదే నెట్టట్లేదు, నాకు బుర్ర ఉంది గదా. తర్వాత వాళ్లు ఇల్లు మారి వెళ్లిపోయారు. ఆ పాప ఇప్పుడు ఎక్కడుందో తెలీదు. నేను ఈ లెటర్ రాయడానికి సగం కారణం ఆ పాపే, నా క్లాసు పోయిందని కాదు.

2. ఇంటి ఆడవాళ్లు. నాన్నకి సన్మానం పేరుతో అమ్మ దెబ్బలు కప్పెట్టమంటే అమ్మని అవమానించినట్టే గదా, ఆజ్ఞలో ఆమె పేరూ ఉంది. లేవీయకాండం 19లో అయితే తల్లి మాటే ముందొస్తుంది. 1883లో కుగ్లర్ డాక్టరమ్మ సముద్రాలు దాటి గుంటూరు వచ్చి ఆడవాళ్ల కోసం ఆస్పత్రి కట్టించింది, మా అమ్మ ఆ ఆస్పత్రిలోనే పుట్టింది. ఆడమనిషి ఒంటి నొప్పి కూడా దేవుని పనే అని తెలిసిన క్రైస్తవ ఊరండీ మనది. అదే ఊళ్లో మా అమ్మ పగిలిన చెవి మాత్రం చర్చిలో మాట్లాడకూడని సంగతైంది.

3. మా తమ్ముడి లాంటోళ్లు. సన్మానం అంటే నాన్న దేవుడు అని పొగడటమే, మనసు నిండా ప్రేమ పొంగడమే అనుకున్నాడు, అది తనవల్ల కాదు కాబట్టి నేను క్రైస్తవుణ్ణే కాదేమో అని చర్చి మానేశాడు. పొగడకపోయినా పర్లేదు, ప్రేమ రాకపోయినా ముందు మందుల డబ్బులు పంపు అదీ సన్మానమే, దగ్గరికి రాలేకపోతే దూరం నుంచే చెయ్యి అని పదిహేనేళ్లప్పుడు వాడికి ఎవరన్నా చెప్పుంటే ఇవాళ వాడు ఎక్కడో ఒక చర్చిలో ఉండేవాడు. భూస్థాపనకి వచ్చి మట్టి వేసి, ఆదరణ కూడికకి ఉండకుండా బస్సెక్కేశాడు.

4. రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే కాటా ఒకవైపే మొగ్గుతుంది. చిన్నప్పుడు మమ్మల్ని సరిగా చూడలేదు అని సాకు చెప్పి ముసలోళ్లని గాలికి వదిలేసే పిల్లలు ఉన్నారు, వాళ్లలో కానుకలు గట్టిగా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మాకు తెలిసిన ఒకాయన సంఘానికి సౌండ్ సిస్టమ్ మొత్తం కొనిచ్చాడు, బోర్డు మీద పేరు కూడా ఎక్కింది, వాళ్లమ్మ ఊరి చివర ఆశ్రమంలో ఉంది, పండక్కి కూడా తీసుకురాడు. మార్కు 7లో యేసయ్య దీని మీదే గదా మండిపడింది. అమ్మానాన్నకి ఇవ్వాల్సింది కొర్బాను, దేవుడికిచ్చేశాం అని చెప్పి ఎగ్గొట్టేవాళ్లని, ఆ ఎగ్గొట్టడానికి దారి చూపించిన బోధకుల్ని. ఆ సౌండ్ సిస్టమ్‌లోనే ఆ ప్రసంగం ఒకసారి చెయ్యండి చూద్దాం.

ఇంక నేను అడిగేవి.

1. ఎఫెసీ 6 తీసినప్పుడు మూడో వచనం దగ్గర ఆపొద్దు. "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక" అని నాలుగో వచనం ఉంది, అది చదివి అదే ప్రసంగంలో, అంతే గట్టిగా, అంతే సేపు చెప్పండి. కొలొస్సీ 3లో కూడా పక్కపక్కనే ఉన్నాయి, పిల్లల మనసు కుంగిపోతుంది అని కారణంతో సహా రాసుంది.

2. ఆదరణ కూడికల్లో, జ్ఞాపకార్థ కూడికల్లో ఇంటివాళ్లకి బలవంతంగా మైకు ఇవ్వొద్దు. ఊరుకుంటాం అంటే ఊరుకోనివ్వండి.

3. ఎవరైనా పిల్ల గానీ ఆడమనిషి గానీ ఇంట్లో కొడుతున్నారని మీ దగ్గరికొస్తే ప్రార్థన చెయ్యండి, చేశాక అదే ఇంటికి అట్లాగే పంపెయ్యొద్దు. పిల్లలకి 1098 ఉంది, ఆడవాళ్లకి 181 ఉంది, అప్పటికప్పుడు ప్రమాదమైతే 112 ఉంది, ఈ మూడు నంబర్లు చర్చి నోటీసు బోర్డు మీద రాయండి, ఉపవాస కూడిక టైమింగ్స్ పక్కనే. 2005 గృహహింస చట్టం మన ఇళ్లకీ వర్తిస్తది. పిల్లల మీద లైంగికంగా ఏదన్నా జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పడం పోక్సో చట్టం ప్రకారం మీ బాధ్యత, సంఘంలో కూర్చోబెట్టి రాజీ చేసే సంగతి కాదది. దూరంగా ఉండి బతకడం ఆజ్ఞ మీరడం కాదని మీ నోటితో చెప్పండి, మేం చెప్తే లోకస్తుల మాట అంటారు.

4. సంఘ పెద్దని పెట్టే ముందు ఇల్లు ఎట్లా ఉందో కనుక్కోండి. 1 తిమోతి 3లో తన ఇంటివారిని ఏలలేనివాడు దేవుని సంఘాన్ని ఎట్లా చూస్తాడు అని పౌలే అడిగాడు. భర్త పక్కనుండగా భార్యని అడిగితే "బాగా చూసుకుంటారండీ" అనే వస్తుంది, మా అమ్మా అదే అంది. ఆడవాళ్లు ఎవరన్నా పోయి విడిగా అడగండి. మా నాన్నని పెద్దగా తీసుకునే రోజు ఎవరన్నా అట్లా అడిగుంటే మా నాన్నకే మేలయ్యేదేమో అని నాకనిపిస్తది, ఆయన్ని కూడా చిన్నప్పుడు మా తాత చర్నాకోలతో కొట్టేవాడంట, ఆ వాతలు వీపు మీద నేను ఒళ్లు తుడిచేటప్పుడు చూశా, ఎనభై ఏళ్లకి కూడా పోలేదు. ఆయన మోస్తున్న దాన్ని ఎవరూ దింపలేదు, పద్దెనిమిదేళ్లు శాలువా కప్పారు గానీ.

5. మంచాన పడ్డ అమ్మానాన్నల్ని చూసుకునేవాళ్ల సంగతి పట్టించుకోండి. ఇది మీకు రూపాయి ఖర్చు లేని పని. ఆ నాలుగేళ్లు నేను పొద్దున సండే స్కూల్ గంటసేపు చెప్పి, ఆరాధన మొదటి పాట బయట మెట్ల దగ్గర వింటానే ఇంటికి పరిగెత్తేదాన్ని, మా ఆయన డ్యూటీకి పోవాలి కాబట్టి. నాలుగేళ్లలో నాన్నకి ప్రార్థన చెయ్యడానికి చాలామంది వచ్చారు, పండ్లు తెచ్చారు, టీ తాగారు, నా పరిచర్యని మెచ్చుకున్నారు. ఒక్క ఆదివారం ఒక్కరన్నా వచ్చి "రెండు గంటలు మేం కూర్చుంటాం, నువ్వు పోయి బల్ల (ప్రభువు భోజనం) తీసుకునిరా" అనలేదు. యేసయ్య సిలువ మీద ఉండి కూడా వాళ్లమ్మని ఎవరు చూసుకుంటారో ఏర్పాటు చేశాడు. యూత్ వాళ్లతో ఒక రోస్టర్ వేయించండి, ఇంటికి ఇద్దరు చొప్పున, రెండు గంటలు. చాలు.

6. ముసలోళ్లకి వాళ్ల హక్కు తెలిసేట్టు చెయ్యండి. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లోనే వచ్చింది, పిల్లలు చూడకపోతే ఆర్డీఓ గారి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు, నెలకి పది వేల దాకా ఇప్పిస్తారు. ఇల్లు పిల్లల పేరున గిఫ్ట్ డీడ్ రాసేటప్పుడు నన్ను చూసుకోవాలి అనే షరతు అందులో రాయించుకుంటే, చూడకపోతే ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకునే వీలుంది. హెల్ప్‌లైన్ 14567. స్త్రీల కూడికలో ఒక్క అరగంట ఇది చెప్పండి, వాగ్దాన వచనం క్యాలెండర్లు పంచేటప్పుడు ఈ నంబరు కూడా కింద అచ్చు వేయించండి.

7. నా రెండు ఉత్తరాలకి జవాబు. సండే స్కూల్‌కి తిరిగి తీసుకోమని అడగట్లేదు, తీసుకోకపోయినా పర్లేదు, ఎందుకు తీసేశారో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి చాలు.

క్షమించలేదా అమ్మా అని అడుగుతున్నారు కొందరు. క్షమించా అనే అనుకుంటన్నా, కొన్ని రోజులు అవును కొన్ని రోజులు కాదు. అన్నం మాత్రం ప్రతిరోజూ పెట్టా.

సమాధి కట్టడం మొదలైంది. రాయి మీద "ఆదర్శ కుటుంబ యజమాని" అనే చెక్కించమని కమిటీ నుంచి కబురొచ్చింది, ఖర్చులో సగం సంఘం ఇస్తదంట. వద్దని చెప్పా. పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ, కింద "కాటా గుమస్తా" అని చెక్కమని రాళ్లాయనకి అడ్వాన్స్ ఇచ్చేశా. పక్కనే అమ్మ సమాధి ఉంది, ఆ రాయి పాతబడి అక్షరాలు పోతన్నాయి, దానికి కూడా మళ్లీ చెక్కించి రంగు వేయిస్తన్నా. నవంబర్ 2న సమాధుల పండక్కి పువ్వులూ కొవ్వొత్తులూ తీసుకుని అక్కడే ఉంటా, జవాబు అప్పటికి సిద్ధమైతే అక్కడికే తీసుకురండి.

ఇట్లు,
పదకొండేళ్లు మీ పిల్లలకి వాక్యం నేర్పిన సండే స్కూల్ టీచర్,
గుంటూరు